ముగియని రాతప్రతులు, ముగియని యుద్ధాలు

మీరు అడిగినదాంట్లో నిజానికి మూడు ప్రశ్నలున్నాయి. ఏడాది అయిపోతోంది, సగంలో ఆగిన నవల ఒకటి, ముగింపు కుదరని కథలు కొన్ని, యుద్ధం మీద మొదలుపెట్టి వదిలేసిన దీర్ఘకవిత ఒకటి చేతిలో ఉన్నాయి, వీటి లెక్క ఎలా చూసుకోవాలి అన్నది మొదటిది. రోజూ వార్తల్లో కూలిన ఇళ్లు చూస్తూ కథలు రాసుకుంటూ కూర్చోవడంలో అర్థముందా అన్నది రెండోది. శాంతి కోరుతూ ఏం రాసినా నినాదంలా తేలిపోతోంది, ఎందుకని అన్నది మూడోది. చాలా ఏళ్లుగా కథలు, నవలలు రాస్తూ, కొత్తవాళ్ల రాతప్రతులు చదువుతూ ఉన్నాను. డిసెంబరు వచ్చిందంటే నా ముందూ ఇవే ప్రశ్నలుంటాయి. మూడోదాని దగ్గర ఎక్కువ సేపు ఆగుతాను. మీ నవల ఆగిపోవడానికీ దానికీ సంబంధం ఉందని నాకనిపిస్తోంది.

ముందు లెక్క సంగతి. ఏడాది చివర మనం సాధారణంగా చూసుకునేది అచ్చయినవాటి లెక్క. ఎన్ని కథలు వచ్చాయి, ఎక్కడ వచ్చాయి, పుస్తకం బయటికి వచ్చిందా లేదా. ఎన్ని పదాలు రాశామన్న లెక్క ఈమధ్య దానికి తోడయింది. ఈ రెండూ చెడ్డవని అనను గానీ, వాటివల్ల రాతకు ఒరిగేది తక్కువ. నేను ఆ ఏడాది ముట్టుకున్న ప్రతి రాతప్రతినీ బయటికి తీసి, మొదటి పేజీ జోలికి పోకుండా, ఆగిపోయిన చోటు తెరుస్తాను. మొదటి పేజీలు ఎప్పుడూ బాగానే ఉంటాయి, వాటిని లెక్కలేనన్ని సార్లు దిద్ది ఉంటాం. ఆగిన పేజీలో దాపరికం ఉండదు. చివరి వాక్యం ఏమిటి, దాని తర్వాత ఏం జరగాలి, జరగాల్సినదాన్ని నేనెందుకు రాయలేదు అని అడుగుతూ పోతే కారణం దాదాపు ప్రతిసారీ బయటపడుతుంది.

కొన్ని తెలియక ఆగుతాయి. యుద్ధరంగం వెనక ఉన్న ఆసుపత్రిలో మీ పాత్ర నర్సుగా చేరింది. గాయపడినవాళ్లు ఒకేసారి వచ్చి పడితే ముందు ఎవరిని చూడాలో నిర్ణయించేది ఎవరు, బతకడం కష్టమనుకున్నవాళ్లను ఎక్కడ పడుకోబెడతారు, వాళ్ల దగ్గర ఎవరు కూర్చుంటారు అన్నది తెలియకపోతే కలం కదలదు. అప్పుడు స్ఫూర్తి కోసం ఎదురుచూడటం వృథా, కూర్చుని చదువుకోవాలి. ఆ రాతప్రతి మొదట్లో తెలుసుకోవాల్సిన ప్రశ్నలు నాలుగు రాసి పెట్టండి, కొత్త ఏడాదిలో పని ఎక్కడ మొదలుపెట్టాలో వెతుక్కోనక్కరలేదు. మరికొన్ని ఆసక్తి చచ్చి ఆగుతాయి. చదువుతుంటే అందులోని మనుషులకు ఏమవుతుందో తెలుసుకోవాలని మీకే అనిపించకపోతే దాన్ని గౌరవంగా పక్కన పెట్టండి. చెరిపేయకండి, కానీ వచ్చే ఏడాది పనుల్లో దాని పేరు రాయకండి.

జంకి ఆగినవి వేరు. తర్వాతి సన్నివేశంలో మనకిష్టమైన పాత్ర ఏదో పోగొట్టుకోవాలి, లేదా క్షమించరాని పని చేయాలి, లేదా క్షమించరానివాణ్ని క్షమించాలి. చేయి అక్కడ ఆగిపోతుంది. పైకి మాత్రం తీరిక దొరకలేదని చెప్పుకుంటాం. ఏడాది చివర నేను ముఖ్యంగా వెతికేది వీటి కోసమే. అలాంటి రాతప్రతి ఒక్కటి చేతిలో ఉన్నా ఆ ఏడాది వృథాగా పోలేదని నా లెక్క. మీ నవలలో అన్నదమ్ములిద్దరూ యుద్ధంలో చెరో వైపు ఉన్నారు, యుద్ధం ముగిసి తమ్ముడు ఇల్లు చేరే చోట కథ ఆగింది అని రాశారు. అది జంకి ఆగిన చోటే. అక్కడికి మళ్లీ వస్తాను.

ఆలస్యమైపోతోందన్న బెంగ కూడా మీ మాటల్లో కనిపించింది. వేరా బ్రిటన్ అనే ఆంగ్ల రచయిత్రి మొదటి ప్రపంచయుద్ధంలో నర్సుగా పనిచేసింది. పెళ్లి చేసుకోవాల్సిన యువకుణ్నీ, ఒక్కగానొక్క తమ్ముణ్నీ, ఇద్దరు ఆప్తమిత్రులనూ ఆ యుద్ధం తీసుకుపోయింది. ఆ అనుభవాన్ని ముందు నవలగా రాయాలనుకుంది, కుదరలేదు. పేర్లు మార్చి తన డైరీనే అచ్చు వేయిద్దామనుకుంది, అదీ కుదరలేదు. చివరికి తన పేరుతోనే జీవితకథగా రాసింది. యుద్ధం 1918లో ముగిస్తే ఆ పుస్తకం వచ్చింది 1933లో. నెపోలియన్ యుద్ధాల మీద టాల్‌స్టాయ్ రాసిన మహానవల 1863 నుంచి 1869 దాకా సాగింది. మధ్యలో 1867లో ఆయన, ఆ నవలలో వచ్చే బొరొదినో యుద్ధభూమికి స్వయంగా వెళ్లి ఆ నేల చూసి వచ్చాడు. యుద్ధం మీద రాసేవాళ్లకు ఒక ఏడాది చాలా చిన్న కాలం. మీ నవల ఈ డిసెంబరుకు పూర్తికాకపోవడంలో విడ్డూరమేమీ లేదు.

ఇక రెండో ప్రశ్న. ఉక్రెయిన్‌లో 2022 ఫిబ్రవరిలో పూర్తిస్థాయి దండయాత్ర మొదలైంది. సూడాన్‌లో 2023 ఏప్రిల్‌లో యుద్ధం మొదలైంది. గాజాలో ఏం జరిగిందో ప్రపంచమంతా ఫోన్లలో చూసింది. ఇన్నిటి మధ్య ఒక కల్పిత కుటుంబం గురించి పేరాలు దిద్దుకుంటూ కూర్చోవడం సిగ్గుగా అనిపిస్తోందన్నారు. ఆ సిగ్గు నాకు తెలుసు, దాన్ని పోగొట్టుకోమని చెప్పను. అయితే యుద్ధం మధ్యలో కూర్చుని దిద్దుకున్నవాళ్లు ఏం చేశారో ఒకసారి చూడండి.

1944 మార్చి 28న లండన్ నుంచి ప్రసారమైన రేడియోలో ప్రవాస డచ్ ప్రభుత్వ మంత్రి ఒకరు మాట్లాడారు. యుద్ధం ముగిశాక సామాన్యుల ఉత్తరాలూ డైరీలూ సేకరించి భద్రపరచాలని అన్నారు. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక భవనం వెనక భాగంలో నాజీలకు దొరక్కుండా దాదాపు రెండేళ్లుగా దాక్కున్న యూదు బాలిక ఆన్ ఫ్రాంక్ ఆ మాట విన్నది. మే నెలలో తన డైరీని విడి కాగితాల మీద మొదటి నుంచి తిరగరాయడం మొదలుపెట్టింది. కొన్ని భాగాలు తీసేసింది, కొన్ని కలిపింది, మనుషులకు మారుపేర్లు ఆలోచించింది, పుస్తకానికి పేరు కూడా అనుకుంది. డైరీలో చివరి తేదీ 1944 ఆగస్టు 1. ఆగస్టు 4న ఆ ఇంట్లో వాళ్లందరినీ అరెస్టు చేశారు. కిటికీ తెరవడానికి వీల్లేని, పగలు గట్టిగా అడుగు వేయడానికి వీల్లేని చోట పదిహేనేళ్ల పిల్ల తన వాక్యాలు సరిచూసుకుంది. యుద్ధం తర్వాత చదివేవాళ్లు ఉంటారని నమ్మి చేసిన పని అది. ప్రశాంతమైన గదిలో కూర్చున్న మనం ఆ పనిని అర్థం లేనిదనుకోవడం సరికాదు.

రాత వల్ల ఏమవుతుంది అని అడిగేవాళ్లకు నేను ఎప్పుడూ చెప్పే ఉదాహరణ హెన్రీ డ్యూనాంట్. ఈయన రచయిత కూడా కాదు, జెనీవాకు చెందిన వ్యాపారి. ఫ్రాన్స్ చక్రవర్తి మూడో నెపోలియన్‌ను కలిసి తన వ్యాపారం గురించి మాట్లాడాలని బయలుదేరి, 1859 జూన్ 24న ఇటలీలోని సొల్ఫెరినో దగ్గర జరిగిన యుద్ధపు పర్యవసానాన్ని కళ్లారా చూశాడు. పక్కనున్న కాస్తిలియోనే పట్టణంలో చర్చి నిండా గాయపడినవాళ్లు, వైద్యులు చాలినంతమంది లేరు. ఊరి ఆడవాళ్లు ఎవరు ఏ దేశపు సైనికుడని చూడకుండా నీళ్లు పట్టారు, కట్లు కట్టారు, అందరూ అన్నదమ్ములేనన్నారు. డ్యూనాంట్ వాళ్లతో కలిసి పనిచేసి, మూడేళ్ల తర్వాత 1862లో ఆ సంగతులన్నీ చిన్న పుస్తకంగా రాసి, సొంత డబ్బుతో 1,600 ప్రతులు అచ్చు వేయించి, ఐరోపాలో పలుకుబడి ఉన్నవాళ్లకు పంపాడు.

ఆ పుస్తకం ఎలా కట్టాడో గమనించండి. ముందు యుద్ధం, తర్వాత గాయపడిన మనుషులు ఒక్కొక్కరుగా, ఆఖర్న రెండు ప్రతిపాదనలు: శాంతి ఉన్న రోజుల్లోనే స్వచ్ఛంద సేవకుల సంఘాలు ఏర్పాటు చేసుకోవాలి, గాయపడినవాళ్ల రక్షణకు దేశాల మధ్య ఒప్పందం కుదరాలి. తర్వాతి ఏడాదే జెనీవాలో ఒక సంఘం ఏర్పడింది, అదే కాలక్రమంలో అంతర్జాతీయ రెడ్‌క్రాస్ కమిటీ అయింది. 1864 ఆగస్టు 22న మొదటి జెనీవా ఒప్పందం మీద సంతకాలయ్యాయి. 1901లో తొలి నోబెల్ శాంతి బహుమతిని ఫ్రెడరిక్ పాసీతో కలిపి ఆయనకిచ్చారు. ఆయన యుద్ధం ఆగాలని శాపనార్థాలు పెట్టలేదు. తను చూసిన చర్చి నేలను మన ముందుంచి, రేపు చేయగల పని ఒకటి చూపించాడు.

ఇంతటి ఫలితం అందరికీ దక్కదు, ఆ మాటా చెప్పాలి. ఆస్ట్రియా రచయిత్రి బెర్తా వాన్ సట్నర్ 1889లో 'ఆయుధాలు దించండి' అనే నవల ప్రచురించింది. వరస యుద్ధాల్లో ఒక స్త్రీ జీవితం ఏమైందో ఆ స్త్రీ మాటల్లోనే సాగే కథ అది. ఎన్నో భాషల్లోకి వెళ్లింది. 1899లో జరిగిన హేగ్ శాంతి సభకు ఆమె హాజరైంది. 1905లో నోబెల్ శాంతి బహుమతి అందుకున్న తొలి మహిళ ఆమే. 1914 జూన్ 21న కన్నుమూసింది. సరిగ్గా వారానికి సరయేవోలో ఆస్ట్రియా యువరాజు మీద కాల్పులు జరిగాయి, మరి కొద్దివారాల్లో ప్రపంచమే యుద్ధంలోకి దిగింది. ఆమె పుస్తకం ఓడిపోయిందని నేననుకోను. ఆ హేగ్ సభలో పుట్టిన శాశ్వత మధ్యవర్తిత్వ న్యాయస్థానం ఈనాటికీ పనిచేస్తోంది. దేశాలు తగువు తీర్చుకోవడానికి అక్కడికి వెళుతూనే ఉన్నాయి. శాంతి మీద ఆశ పెట్టుకోవడమంటే రేపేం జరుగుతుందో జోస్యం చెప్పడమని అనుకుంటే ప్రతి డిసెంబరులోనూ ఆ జోస్యం తప్పుతుంది, రాయడం మానేస్తాం. నేను ఆశను జోస్యంగా చూడను.

ఒక చిన్న సలహా. వార్తలు రోజంతా చూడకండి. నేను రాత ముగించాక, సాయంత్రం ఒకసారి, చదివే వార్తలే చూస్తాను. దృశ్యాలు పదేపదే చూసిన రోజున మనిషి బదులు గుంపు కళ్లముందు నిలుస్తుంది, గుంపు గురించి మంచి వాక్యం రాయడం నావల్ల కాదు.

ఇప్పుడు మీ కవిత దగ్గరికి వద్దాం. శాంతి గురించి రాసింది నినాదంలా ఎందుకు వినిపిస్తుంది? మీరు పంపిన భాగంలో తుపాకులు మౌనం వహిస్తాయి, పావురాలు ఎగురుతాయి, తల్లులు నవ్వుతారు. అందరికీ అన్నీ దక్కుతున్నాయి, ఎవరూ ఏమీ వదులుకోవడం లేదు. అసలైన శాంతి ఎక్కడా అలా రాలేదు. శాంతి కుదిరిన ప్రతిచోటా ఎవరో ఒకరు తమకు న్యాయంగా రావాల్సినదాన్ని వదులుకున్నారు. ఆ వదులుకున్న మనిషి పేజీలో లేకపోతే మిగిలేది కోరిక ఒక్కటే. కోరిక అందరికీ ఒకేలా ఉంటుంది కాబట్టి వాక్యాలూ ఒకేలా ఉంటాయి.

మన భారతంలో ఈ సంగతి ఎంత బాగా పట్టుకున్నారో చూడండి. యుద్ధం మొదలయ్యే ముందు ఒక పర్వం పర్వమంతా రాయబారాలకే పోయింది. ద్రుపదుడి పురోహితుడు వెళ్లాడు, సంజయుడు వచ్చాడు, చివరికి కృష్ణుడే బయలుదేరాడు. ధర్మరాజు అయిదూళ్లు ఇచ్చినా చాలన్నాడు. భీముడు సైతం సంధి మాట మెత్తగా మాట్లాడాడు. సరిగ్గా అక్కడ ద్రౌపది లేచింది. కృష్ణుడి ముందు తన జుట్టు చూపించి, సంధి మాట్లాడేటప్పుడు దీన్ని గుర్తుపెట్టుకోమంది. ఇప్పుడు శ్రోత ఏమనుకోవాలి? సంధి కుదిరితే లక్షల ప్రాణాలు నిలుస్తాయి. కుదిరితే నిండు సభలో ఆమెకు జరిగిన అవమానానికి బదులు ఉండదు. రెండూ నిజమే. తిక్కన చేతిలో ఈ ఘట్టం ఎంత బరువుగా సాగుతుందో చదివినవాళ్లకు తెలుసు. సంధిని తప్పని కవి అనడు, ద్రౌపది కోపం తప్పని కూడా అనడు. ఆ తర్వాత కృష్ణుడూ కుంతీ విడివిడిగా కర్ణుడి దగ్గరికి వెళ్లడం ఉంది. అక్కడా అంతే, యుద్ధం ఆగాలంటే కర్ణుడు తనను ఆదరించిన స్నేహితుణ్ని వదులుకోవాలి. అతను వదులుకోలేదు. అందుకే రాయబారాలు విఫలమవుతాయని ముందే తెలిసినా ఆ పర్వం ఇన్ని వందల ఏళ్లుగా ఊపిరి బిగబట్టి వింటున్నాం. మీ కవితలో పావురాలున్నాయి గానీ ద్రౌపది లేదు.

ఆధునిక కాలంలోనూ ఇదే కనిపిస్తుంది. కొరియా యుద్ధంలో సంధి చర్చలు 1951 జులై 10న మొదలయ్యాయి. యుద్ధ విరమణ మీద సంతకాలైంది 1953 జులై 27న. ఆ రెండేళ్లూ ఒక పక్క బల్ల దగ్గర మాటలు, మరో పక్క కొండల మీద కాల్పులు. చర్చలను ఎక్కువ కాలం ఆపిన విషయాల్లో పెద్దది యుద్ధఖైదీల సంగతి: స్వదేశానికి వెళ్లనంటున్న ఖైదీలను బలవంతంగా పంపాలా వద్దా అన్నది. ఆ ఒక్క ప్రశ్న తెగేదాకా కొండ మీద ఎందరు కుర్రాళ్లు చనిపోయారో ఆలోచించండి. వెళ్లనన్న ఖైదీకి తన ప్రాణం ఎంత ముఖ్యమో కూడా ఆలోచించండి. నవల రాయదలచుకున్నవాళ్లకు ఇంతకు మించిన వస్తువు దొరకదు. నాటి ఒప్పందం యుద్ధ విరమణ దగ్గరే ఆగింది, శాంతి ఒప్పందం ఈనాటికీ కుదరలేదు.

ఉత్తర ఐర్లాండ్‌లో సుమారు ముప్ఫై ఏళ్లు సాగిన హింసలో 3,500 మందికి పైగా చనిపోయారు. 1998 ఏప్రిల్ 10న కుదిరిన గుడ్ ఫ్రైడే ఒప్పందంలో భాగంగా, కాల్పుల విరమణకు కట్టుబడిన సంస్థలకు చెందిన ఖైదీలను రెండేళ్లలోగా విడుదల చేయడానికి అంగీకరించారు. అంటే తన కొడుకును చంపి శిక్ష అనుభవిస్తున్న మనిషి గడువుకు ముందే బయటికి వచ్చి అదే వీధిలో నడుస్తుంటే ఒక తల్లి చూడాలి. ఆ ఏడాది మే 22న జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో అక్కడి ఓటర్లలో 71 శాతం మంది సరేనన్నారు. ఆ 71 శాతంలో అలాంటి తల్లులూ ఉండి ఉంటారు. బ్యాలెట్ కాగితం ముందు ఆ తల్లి నిలబడిన నిమిషం రాయగలిగితే శాంతి అన్న మాట వాడనక్కరలేదు.

కొలంబియా సంగతి నన్ను మరీ కదిలించింది. అర్ధశతాబ్దం సాగిన అంతర్యుద్ధాన్ని ముగించే ఒప్పందాన్ని 2016 అక్టోబరు 2న ఓటుకు పెడితే అర శాతం కూడా లేని తేడాతో ఓడిపోయింది. కానీ బొహయా అనే చోట ఓటు వేసినవాళ్లలో 95 శాతం మంది ఒప్పందానికి సరేనన్నారు. 2002లో అక్కడ జనం చర్చిలో తలదాచుకుని ఉండగా గెరిల్లాలు ప్రయోగించిన పేలుడు గుండు ఆ చర్చి మీద పడింది. చాలామంది చనిపోయారు, వాళ్లలో ఎందరో పిల్లలు. ఆ గెరిల్లాలతో సంధికే ఆ ఊరు ఒప్పుకుంది. దూరంగా నగరాల్లో ఉన్నవాళ్లు చాలామంది వద్దన్నారు. ఒప్పందాన్ని సవరించి అదే ఏడాది నవంబరులో మళ్లీ సంతకాలు చేశారు. బొహయా ప్రజలు తమ మృతులను మరిచిపోయి ఓటు వేశారని ఎవరూ అనలేరు. వాళ్లు ఏం వదులుకున్నారో, ఎందుకు వదులుకున్నారో తెలుసుకుని రాయడం మనలాంటివాళ్ల పని.

దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష పాలన నాటి హింస మీద సత్య, సయోధ్య కమిషన్ బహిరంగ విచారణలు 1996 ఏప్రిల్‌లో మొదలయ్యాయి. అప్పట్లో ఆ దేశపు అధికార భాషలు 11. బాధితులు, హింసకు పాల్పడినవాళ్లు ఎవరి భాషలో వాళ్లు మాట్లాడుతుంటే దుబాసీలు అప్పటికప్పుడు మిగతా భాషల్లోకి చెప్పారు. దుబాసీల పద్ధతి ప్రకారం ఎవరు మాట్లాడితే వాళ్లే అయి 'నేను' అని చెప్పాలి. పొద్దున ఒక తల్లి తరఫున 'నా కొడుకును తీసుకుపోయారు' అన్న గొంతే, మరో రోజు పోలీసు అధికారి తరఫున 'నేను కొట్టాను' అనాలి. ఆ పని చేసినవాళ్లు లోపల ఎంత నలిగిపోయారో తర్వాత చాలా మాటలు బయటికొచ్చాయి. నాకు తెలిసి నవలారచయిత పనికి ఇంత దగ్గరగా ఉన్న పని మరొకటి లేదు. మీ నవలలో అన్న మాట మీదే, తమ్ముడి మాట కూడా మీదే. ఎవరి గొంతులో ఉన్నప్పుడు వాళ్ల న్యాయాన్ని పూర్తిగా నమ్మి రాయాలి.

ఈ ఏడాది నా చేతిలో ఉన్న పని గురించి కొంచెం చెబుతాను, ఎందుకంటే ఇది మీ నవల ఆగిన చోటికి దగ్గరగా ఉంది. వ్యాసాల సంపుటి ఒకటి పూర్తయింది, పిల్లల కథ ఒకటి పక్కన పెట్టాను, వాటి గురించి చెప్పుకోవాల్సింది లేదు. ఏడాదిలో ఎక్కువ భాగం ఒక నవల తీసుకుంది. అందులో ఒక స్త్రీ యుద్ధం ముగిశాక తన ఇంటికి తిరిగి వస్తుంది. ఆమె లేని కాలంలో ఆ ఇంట్లో అవతలి పక్షానికి చెందిన కుటుంబం ఒకటి తలదాచుకుని వెళ్లిపోయింది. వంటగది గుమ్మానికి తన ఇద్దరు పిల్లల ఎత్తు కొలిచి పెన్సిలుతో గీసిన గీతలున్నాయి, పక్కన తేదీలున్నాయి. ఇద్దరిలో ఒకడు యుద్ధంలో పోయాడు, వాడి గీతలు ఒక ఎత్తు దగ్గర ఆగిపోయాయి. ఆ గీతల పక్కనే, కొంచెం కిందుగా, ఇంకెవరో పిల్ల ఎత్తు గీతలున్నాయి. మూడు గీతలు, పరాయి లిపిలో ఒక పేరు.

ఆ గుమ్మం దగ్గర ఆమెను నిలబెట్టి చాలా నెలలు ఉన్నాను. ఆమె గుమ్మం కడుగుతుందా? పరాయి పిల్ల గీతలు మాత్రం చెరపాలంటే తన కొడుకు గీతలకు తడి తగలకుండా చెరపగలదా? చెరపకపోతే రోజూ అన్నం పెట్టేటప్పుడు ఆ పేరు చూడాలి. ఆమె ఉదారంగా వదిలేస్తుందని రాయడం తేలిక, చదివేవాళ్లకూ హాయి. నేనలా రాయలేదు. ఆమె గుమ్మానికి రంగు వేయిస్తుంది, రంగు వేసేవాడితో ఆ గీతలున్నంత మేర వదిలేయమంటుంది. ఆ పరాయి పేరు మీద మాత్రం ఒక కాగితం అంటిస్తుంది. పేరు కనపడదు, గీతలు కనపడతాయి. ఆమె చేయగలిగింది అంతే. కొడుకును పోగొట్టుకున్న మనిషి నుంచి అంతకన్నా ఎక్కువ అడిగే హక్కు నాకు లేదనిపించింది, తక్కువ చేస్తే ఆమెకే అన్యాయం చేసినట్టవుతుందనీ అనిపించింది. ఆ కాగితం నాకు ఈ ఏడాది మొత్తం మీద దొరికిన విషయం. అచ్చులో దానికి అర పేజీ కూడా ఉండదు.

ఇప్పుడు మీ తమ్ముడు ఇల్లు చేరే చోటు. మీరు రాసిపెట్టుకున్న పథకంలో అన్న గుమ్మంలోకి వచ్చి తమ్ముణ్ని కౌగిలించుకుంటాడని ఉంది. చేయి అక్కడ ఆగిందంటే మీ చేతికి మీకన్నా ముందు తెలిసింది. ఆ కౌగిలికి ఎవరూ ఏమీ చెల్లించలేదు. ఇంట్లో ఇంకెవరున్నారు? పక్కింట్లో ఎవరున్నారు? తమ్ముడి పక్షం చేతిలో కొడుకును పోగొట్టుకున్న మనిషి ఒకరు ఆ వీధిలో తప్పకుండా ఉంటారు. ఆమె ఆ సమయానికి వాళ్ల వాకిట్లోనే ఉందనుకోండి, ఏదో చిన్న పని మీద వచ్చి. అన్న ఇప్పుడు తమ్ముణ్ని దగ్గరికి తీసుకోవాలంటే ఆమె కళ్లముందు తీసుకోవాలి. తీసుకోకపోతే తమ్ముడి ముందు ఆగిపోవాలి. తల్లి లోపలి నుంచి వస్తోంది, ఆమెకు ఇంకా ఎవరు వచ్చారో తెలియదు. ఇక్కడి నుంచి మీకు మాటలు వాటంతటవే వస్తాయని నా నమ్మకం.

పక్కింటామెకు పేరు పెట్టండి, వయసు నిర్ణయించండి, ఆమె కొడుకు ఎలా పోయాడో మీకు తెలిసి ఉండాలి, నవలలో చెప్పినా చెప్పకపోయినా. ఆమెను దుర్మార్గురాలిగా చేయకండి. సాధువుగా అంతకన్నా చేయకండి. అలాగే తమ్ముడు యుద్ధంలో ఏం చేశాడన్నది దాటవేయకండి. అతని చేతులకు రక్తం అంటలేదని ముందే రాసేస్తే పని సులువవుతుంది గానీ, అప్పుడు క్షమించాల్సినది ఏదీ మిగలదు.

కవితను ఈ ఏడాదికి పక్కన పెట్టండి. దాంట్లో ఒకే ఒక్క చోట మనిషి కనిపించింది: శిథిలాల్లో నుంచి బడిసంచి వెతుక్కుంటున్న పిల్లవాడు, సంచి దొరికాక ముందు అందులోని దుమ్ము దులిపి తర్వాత భుజాన వేసుకుంటాడు. ఆ నాలుగు పాదాలూ దాచుకోండి. పూర్తికాని కథల్లో ఒకటి పిల్లల గురించే అన్నారు కదా, ఆ పిల్లవాడు దాంట్లోకి వస్తాడేమో చూడండి. మిగతా కథల్లో జంకి ఆగినదాన్ని ఒక్కటి ఎంచుకుని, నవల విసుగు పుట్టించిన రోజుల కోసం అట్టిపెట్టుకోండి. ఒకేసారి అన్నీ పూర్తిచేయాలని జనవరి ఒకటిన ప్రతిజ్ఞలు చేయకండి.

శాంతి వస్తుందని మీరు నమ్ముతున్నారా అని చివర్లో సూటిగా అడిగారు. నమ్ముతున్నాను. ఇప్పుడు సాగుతున్న యుద్ధాలన్నీ ఏదో ఒక రోజున ఒక బల్ల దగ్గర ముగుస్తాయి, అది వచ్చే ఏడాదే కావాలని గట్టిగా కోరుకుంటున్నాను. ఆ కాగితాల మీద సంతకాలైన మర్నాడు లక్షలమంది ఇళ్లకు తిరిగి వస్తారు. ఆ ఇళ్లలో, ఆ వీధుల్లో ఏం జరుగుతుందన్నది ఒప్పందంలో ఉండదు. అది తెలుసుకోవడానికి వాళ్లకూ, వాళ్ల పిల్లలకూ కథలు కావాల్సి వస్తుంది. పక్కింటామె ఉన్న అధ్యాయం రాశాక, దిద్దకముందే, నాకు పంపండి. చదివి రాస్తాను.